‘మామూలు పనికే కదా’ అనుకుని లాప్‌టాప్ కొనకండి

మా అక్క కూతురు ఖమ్మంలో బీకాం చదువుతోంది. 2025 మే నెల చివర్లో మా బావగారు ఫోను చేసి, అమ్మాయికి లాప్‌టాప్ కొనాలనుకుంటున్నామని, అందుకు 20 వేలు పక్కన పెట్టామని చెప్పారు. “పెద్ద పనులేమీ లేవమ్మా, మామూలు పనికే కదా. ఆ డబ్బుకి ఏదో ఒక కొత్తది రాకపోదు” అన్నారు. ఆ మాట వినగానే నా గుండె కలుక్కుమంది. అయిదేళ్ల కిందట అచ్చంగా అదే మాట అనుకుని నేను 22 వేలు పోగొట్టుకున్నాను.

అది 2020. బడులు మూతబడి పాఠాలు ఇంటికే వచ్చిన రోజులు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఫోనులో పాఠాలు విని విని వాడి కళ్లు ఎర్రబడుతుంటే చూడలేక, చేతిలో ఉన్న డబ్బుకి వచ్చే కొత్త లాప్‌టాప్ కొన్నాను. తెర మీద అంటించిన పలుచని పొరను వాడు ఎంత అపురూపంగా ఒలిచాడో ఇప్పటికీ గుర్తుంది. లోపల ఏముందో అప్పుడు నేను చూడలేదు. రెండే కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉన్న సెలెరాన్ అనే చవక ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (పని నడుస్తున్నంతసేపు వాడుకునే జ్ఞాపకం), 64 జీబీ ఈఎంఎంసీ అనే చవకరకం నిల్వ. ఆరు నెలలు తిరక్కుండానే విండోస్ అప్‌డేట్‌కి చోటు చాలదని సందేశం రావడం మొదలైంది. పాఠాల ఫైళ్లు, ఫోటోలు తుడిచేసి చోటు చేసేదాన్ని. అప్‌డేట్ దిగాక మళ్లీ అదే సందేశం. వీడియో పాఠం నడుస్తుండగా ఇంకొక ఫైలు తెరిస్తే టీచరు గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించేది. పోనీ ర్యామ్ పెంచుదామంటే అది బోర్డుకే టంకం వేసి ఉంది, నిల్వ కూడా అంతే. రెండో ఏడాది మూత తీస్తుండగా ఎడమవైపు హింజ్ (మూత తిరిగే కీలు) దగ్గర ప్లాస్టిక్ చిట్లింది. బాగుచేయడానికి చెప్పిన ఖర్చు విన్నాక దాన్ని అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ 22 వేలు నాకు చిన్న మొత్తం కాదు. ఒక ఆడిటర్‌గారి ఆఫీసులో పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీడీఎఫ్‌లు, ఈమెయిల్. రోజంతా ఇదే. జనం ‘మామూలు పని’ అనేది సరిగ్గా ఈ పనినే. అందుకే ఆ మాట మీద నాకు ఇంత పట్టింపు.

దుకాణాల్లో నాసిరకం యంత్రాలు అమ్ముడుపోయేది ఆ మాట వల్లనే. సినిమాలు ఎడిట్ చేయరు, ఆటలు ఆడరు, కాబట్టి ఏదైనా సరిపోతుందని నమ్మిస్తారు. కానీ ఈ రోజుల్లో కంప్యూటర్‌లో బరువైన వస్తువు బ్రౌజరే. మా ఆఫీసులో ఒక రిటర్న్ దాఖలు చేయాలంటే పోర్టల్ ఒక ట్యాబులో, ఈమెయిల్ ఒక ట్యాబులో, ఖాతాదారు పంపిన ఫైళ్లు ఇంకో రెండు ట్యాబుల్లో తెరిచి, పక్కన ఎక్సెల్, వెనక ట్యాలీ నడవాలి. 4 జీబీ ర్యామ్ ఆ బరువు మోయలేదు. పైగా మామూలు పని చేసేవాళ్లే యంత్రం ముందు ఎక్కువసేపు కూర్చుంటారు. ఎనిమిది గంటలు అంకెలు కొట్టే మనిషికి మీటలు సరిగ్గా పడాలి, అక్షరాలు స్పష్టంగా కనబడాలి. తెర నాసిరకమైతే తలనొప్పి ఎవరికి వస్తుంది? మరొక లాప్‌టాప్ కొనే స్తోమత లేని మనిషికే వస్తుంది. తక్కువ డబ్బుతో కొనేవాళ్లకు తప్పు కొనే అవకాశం ఒక్కసారి కూడా ఉండదు.

నా వాదన ఇది. చవకగా తయారుచేసిన కొత్త వస్తువు కన్నా, ఖరీదుగా తయారై కాలం గడిచి చవకైన వస్తువు మేలు. చీరల విషయంలో, చెక్క సామాను విషయంలో ఇది మనకు తెలియనిది కాదు. పాత టేకు మంచం ఇంట్లో ఉంటే చెక్కపొట్టు పలకల కొత్త మంచం కోసం దాన్ని ఎవరూ అమ్ముకోరు. లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఎవరో వాడినది మనకెందుకు’ అనేస్తాం.

పెద్ద సంస్థలు తమ ఉద్యోగులకు ఇచ్చే లాప్‌టాప్‌లు వేరే తరగతివి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ అనే పేర్లతో వస్తాయి. కొత్తగా ఉన్నప్పుడు మామూలు కుటుంబం అటువైపు చూడలేనంత ధర. గట్టి హింజ్‌లు, బలమైన చట్రం, అడుగున స్క్రూలు విప్పితే ర్యామూ, ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే నిల్వ), బ్యాటరీ మార్చుకునే ఏర్పాటు. థింక్‌ప్యాడ్ టీ480 కీబోర్డు మీద నీళ్లు ఒలికితే కిందికి జారిపోవడానికి దారులు కూడా ఉంటాయి. సంస్థలు వీటిని చాలావరకు మూడు నాలుగేళ్ల లీజు మీద తీసుకుంటాయి. గడువు తీరగానే, బాగా పనిచేస్తున్నా సరే, వందల లెక్కన తీసేస్తాయి. అవే లాట్లుగా చేతులు మారి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి వస్తాయి. మూత మీద ఆఫీసు ఆస్తి చీటీ పీకేసిన జిగురు గుర్తు ఉంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇదంతా చెబితే బావగారు ఒప్పుకోలేదు. “చదువుకునే పిల్లకి పాతది కొనిస్తే బాగుంటుందా? రేపు పాడైతే ఎవరిని అడుగుతాం?” అన్నారు. రెండో ప్రశ్న న్యాయమైనదే, దాని దగ్గరికి వస్తాను. మొదటి దానికి మాత్రం ఆయన బండినే గుర్తు చేశాను. బావగారు తొమ్మిదేళ్లుగా నడుపుతున్న మోటార్ సైకిల్ సెకండ్ హ్యాండ్‌దే. కొనేముందు తనకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లారు. ఆ మనిషి చల్లటి ఇంజిన్‌ని ఒక్క కిక్‌తో స్టార్ట్ చేసి చూశాడు, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి పొగ వాసన చూశాడు, ఛాసిస్ నంబరూ ఆర్‌సీ పుస్తకంలో నంబరూ ఒకటేనా కాదా చదివాడు. మన ఊళ్లలో పాత బండి కొనడం ఒక విద్య. తరతరాలుగా చేతులు మారుతూ వచ్చింది. పాత లాప్‌టాప్‌కి కూడా అంతే శ్రద్ధ పెడితే మోసపోయే అవకాశం చాలా తగ్గుతుంది. పరీక్షలు కూడా ఇంచుమించు అవే.

ముందుగా వయసు. బండికి మోడల్ సంవత్సరం ఎలాగో, ఇంటెల్ ప్రాసెసర్‌కి తరం అలాగ. ఐ5 అన్న మాట పక్కన గీత తర్వాత వచ్చే అంకె చూడాలి. ఐ5-7200యూ అంటే ఏడో తరం, ఐ5-8350యూ అంటే ఎనిమిదో తరం, ఐ5-10210యూ అంటే పదో తరం. ఈ ధరలో నేను గీత గీసేది ఎనిమిది దగ్గర. కారణాలు రెండు. ఏడో తరం దాకా ఈ సన్నని లాప్‌టాప్‌లలో ఐ5కి రెండే కోర్లు. 2017లో వచ్చిన ఎనిమిదో తరంతో నాలుగయ్యాయి. పనిలో ఈ తేడా కంటికి తెలుస్తుంది. రెండోది, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన హద్దు కూడా దాదాపు అక్కడే ఉంది. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏడో తరం దాని మీద కూడా దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి అమ్మేవాళ్లు ఉన్నారు. నడుస్తుంది, కానీ అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే యంత్రానికి అది మంచిది కాదు.

ఐ7 అన్న స్టిక్కర్ చూసి మాత్రం మురిసిపోకండి. 2013 నాటి ఐ7-4600యూలో ఉన్నవి రెండు కోర్లే. ఎనిమిదో తరం ఐ5 ముందు అది నిలవదు.

జూన్ రెండో వారంలో అమ్మాయి హైదరాబాద్ వచ్చింది. ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీకి నడిచాం. చినాయ్ ట్రేడ్ సెంటర్ అన్నది పూర్తి పేరు, ఆ పేరుతో ఎవరూ పిలవరు. అంతస్తు నిండా చిన్న చిన్న దుకాణాలు, గాజు తలుపుల వెనక వరసగా నిలబెట్టిన నల్లటి లాప్‌టాప్‌లు, టంకం వాసన. మొదటి దుకాణంలో మాకు చూపించింది పైన చెప్పిన ఐ7 బాపతు. నాలుగో తరం, 14 వేలు. “మీ పనికి ఇది చాలు మేడమ్” అన్నాడు. మామూలు పనికే కదా అన్న మాటకి ఇంకొక రూపం. బయటికి వచ్చేశాం.

మూడో దుకాణంలో థింక్‌ప్యాడ్ టీ480లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. 2018లో వచ్చిన మోడల్, ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. 19 వేలు చెప్పారు. అదే కాలానికి చెందిన లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5 కూడా నాకు సమ్మతమే. అక్కడ ఎక్కువగా ఉన్నవి టీ480లు కాబట్టి ఏరుకునే వీలుంటుందని అక్కడే కూర్చున్నాం. పైనున్నది తీసి అమ్మాయి చేతికి ఇచ్చి, మూత ఒక మూల పట్టుకుని నెమ్మదిగా తెరవమన్నాను. గట్టి హింజ్ అయితే మూత ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. ఆగింది.

ఆ తర్వాత చేయించిన పరీక్ష గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ మంది దీన్ని వదిలేస్తారు. సంస్థలు తమ లాప్‌టాప్‌లను ఇంటర్నెట్‌లో తమ ఖాతా కింద నమోదు చేసుకుంటాయి. అమ్మేముందు ఆ నమోదును తొలగించకపోతే, ఆ యంత్రం ఎప్పటికీ ఆ సంస్థదే అనుకుంటూ ఉంటుంది. దుకాణంలో నెట్ లేకుండా విండోస్ ఎక్కిస్తే ఏమీ తెలియదు. ఇంటికి తెచ్చుకుని, ఎప్పుడో ఒకనాడు మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టినప్పుడు బయటపడుతుంది. అందుకని నేను పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దింపిన విండోస్ పెట్టుకుని వెళ్లాను. “ఇక్కడే కొత్తగా ఎక్కించి చూస్తాను, పర్వాలేదా?” అని అడిగాను. దుకాణం అబ్బాయి కాస్త వింతగా చూసినా కాదనలేదు. అరగంట పైన పట్టింది. భాష, కీబోర్డు అడిగింది. నా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపాను. కాసేపు తిరిగి తిరిగి, తెర మీద ఒక విదేశీ సంస్థ పేరు, ‘మీ ఆఫీసు ఈమెయిల్ ఇవ్వండి’ అనే గడి ప్రత్యక్షమయ్యాయి. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “పిన్నీ, ఇది దొంగతనం చేసినదా?” అని చెవిలో అడిగింది. కాదు, ఎవరో తుడవవలసిన పేరు తుడవలేదు, అంతే. కానీ కొన్నవాళ్లకు మాత్రం అది తాళంచెవి లేని ఇల్లే. దుకాణం అబ్బాయికి కూడా ఈ సంగతి తెలియదని అతని ముఖమే చెప్పింది. మాట్లాడకుండా దాన్ని పక్కన పెట్టి రెండోది తీసిచ్చాడు.

రెండోదానికి మళ్లీ అరగంట. ఈసారి మామూలుగా ఖాతా పేరు అడిగింది. విండోస్ తనంతట తానే యాక్టివేట్ అయింది. అసలు లైసెన్సు గుర్తు బోర్డులోనే భద్రంగా ఉందన్నమాట. ఇలా కాకుండా, లైసెన్సు ఉన్నట్టు మాయచేసే యాక్టివేటర్ ప్రోగ్రాములతో నడిపించిన విండోస్, దొంగ ఎంఎస్ ఆఫీస్ వేసి ఇవ్వడం చాలాచోట్ల మామూలే. ఉచితంగా వచ్చిందని సంతోషపడకండి. ఆ ప్రోగ్రాములో ఇంకేమి దాగి ఉందో చెప్పగలిగేవాళ్లు లేరు. దుకాణం వాళ్లు వేసిచ్చినదాన్ని మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించుకోవడం కొన్న రోజే చేయవలసిన పని.

తర్వాత మళ్లీ ఆపి, ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు నడిచే యంత్రం అమరికల్లోకి) వెళ్లాం. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే తీసుకోకూడదు. థింక్‌ప్యాడ్‌కి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఉంటే, తెలియనివాళ్లకు బోర్డు మార్చడం తప్ప కంపెనీ చెప్పే దారి లేదు. అడగలేదు. లోపల కనబడిన సీరియల్ నంబరును అడుగున అంటించిన నంబరుతో అమ్మాయి అంకె అంకె పైకి చదువుతూ పోల్చింది. ఛాసిస్ నంబరు చూసినట్టే. రెండూ ఒకటి కాకపోతే బోర్డో, అడుగు పలకో మారిందని అర్థం.

తెర మీద పూర్తి తెలుపు, పూర్తి నలుపు పెట్టి చూశాం. కింద కుడి మూల గోరంత తెల్లటి మచ్చ ఉంది, ఏదో నొక్కుకుపోయిన గుర్తు. పనికి అడ్డం రాదు, వదిలేశాం. తెర 1920 బై 1080 చుక్కలది కావడం నాకు ముఖ్యం. ఇదే మోడల్ 1366 బై 768 తెరతో కూడా వస్తుంది, కాస్త పక్కకి జరిగితే రంగులు మారిపోతాయి. ఒక తెలుగు పేజీ తెరిచి చిన్న అక్షరాల్లో ఒత్తులు విడివిడిగా కనబడుతున్నాయో లేదో చూస్తే తేడా తేలిపోతుంది. ‘స్త్రీ’ అన్న మాట చాలు. కీబోర్డులో ప్రతి మీటా నొక్కించాను. స్పేస్ బార్ రెండు చివరలా నొక్కించాను. పెన్‌డ్రైవ్ ఒక్కొక్క సందులోనూ పెట్టి తీశాం, ఇయర్‌ఫోన్ పెట్టి పాట విన్నాం, కెమెరాలో ముఖం చూసుకున్నాం. ఇవి ఎవరికైనా తోచేవే.

బ్యాటరీ దగ్గర మాత్రం కళ్లను నమ్మకూడదు. నూరు శాతం అని చూపించినా, ఏ నూరులో నూరు? ఆదేశాలు కొట్టే కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్టు అడిగితే విండోస్ ఒక పేజీ తయారుచేసి ఇస్తుంది. కొత్తలో పట్టే శక్తి ఎంత, ఇప్పుడు పడుతున్నది ఎంత అని రెండు వరుసలు అందులో ఉంటాయి. టీ480కి బ్యాటరీలు రెండు, లోపల ఒకటి, వెనక ఊడదీయగలిగేది ఒకటి. లోపలిది 24 వాట్‌అవర్లకు 19 పడుతోంది. బయటిది 24కి 11 మాత్రమే. ఆ పేజీని దుకాణం యజమానికి చూపించాను. ఆయన కాదనలేదు, బేరం 17,500 దగ్గర తెగింది. బయటి బ్యాటరీ మార్చాలంటే దుకాణానికి కూడా రానక్కర్లేదు. అడుగున రెండు గొళ్లేలు జరిపితే చేతికి ఊడి వస్తుంది.

ఇక బావగారి రెండో ప్రశ్న. పాడైతే ఎవరిని అడుగుతాం? దుకాణం ఇచ్చినది మూడు నెలల వారంటీ. సీరియల్ నంబరు వేసిన బిల్లు పట్టుబట్టి తీసుకున్నాను. కొత్తదానికి ఏడాది వారంటీ ఉంటుంది, నిజమే. కానీ నా 2020 అనుభవంలో హింజ్ విరిగింది ఏడాది దాటాక. ర్యామ్ చాలకపోవడం ఏ వారంటీ కిందికీ రాదు. విప్పి బాగుచేయడానికి వీలైన యంత్రమే ఇక్కడ అసలు హామీ. టీ480 విడిభాగాలు అదే అంతస్తులో నాలుగు దుకాణాల్లో దొరుకుతాయి. అయినా పాతదానిలో ప్రమాదం లేదని నేను అనను. ఏ రోజైనా బోర్డు పోవచ్చు. కాబట్టి ముఖ్యమైన ఫైళ్లు ఇంకొక చోట కూడా ఉండాలి. ఈ పరీక్షలు చేయడానికి వెంట ఎవరూ లేనివాళ్లు, దూరం నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు, వస్తువు వాపసు తీసుకునే గడువు రాసిచ్చే చోటే కొనాలి, వచ్చిన రోజే అన్నీ చూడాలి. 40 వేలు పెట్టగలిగినవాళ్లకైతే కొత్తదే కొనమంటాను. నా వాదనంతా 20 వేల మనిషి గురించి.

ఆ 20 వేలు కూడా లేనివాళ్ల సంగతి? ట్యాలీ అవసరం లేకుండా, ఇంటర్నెట్, పాఠాలు, తెలుగులో రాసుకోవడం వరకే అయితే ఆరో తరం, ఏడో తరం లాప్‌టాప్ ఇంకా తక్కువకు తీసుకుని విండోస్‌కి బదులు లినక్స్ మింట్ ఎక్కించండి. ఉచితం, పాత యంత్రం మీద తేలికగా నడుస్తుంది, అప్‌డేట్లు వస్తూ ఉంటాయి. ఉత్తరాలు, పట్టికలు రాసుకునే లిబ్రే ఆఫీస్‌లో తెలుగు చక్కగా పడుతుంది, తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మింట్‌లోనే ఉంటుంది. మా ఆఫీసులో రికార్డులు చూసే పెద్దాయన రెండేళ్లుగా అలాంటిదాని మీదే ఉత్తరాలు రాస్తున్నారు. కానీ దేనిలోనైనా హార్డ్‌డిస్క్ ఉంటే ముందు తీయించి ఎస్ఎస్‌డీ వేయించండి. ఇది మాత్రం ఏ బడ్జెట్‌లోనూ రాజీపడకూడనిది.

నవంబర్‌లో అమ్మాయి 2,200 పెట్టి బయటి బ్యాటరీ తెప్పించి తనే మార్చుకుంది. కొత్త రిపోర్టు పేజీని ఫోటో తీసి పంపింది. అంతా కలిపి 19,700 అయింది. పగలు ట్యాలీ నేర్చుకుంటోంది, రాత్రి బావగారి కిరాణా కొట్టు అరువు ఖాతాలు ఎక్సెల్‌లో ఎక్కిస్తోంది.

ఒక్క విషయంలో నేను పొరబడ్డాను. టీ480లో ర్యామ్ స్లాట్లు రెండు. ఒకదానిలో 8 జీబీ ఉంది, ఇంకొకటి ఖాళీ. కొన్నరోజే మరో 8 జీబీ ముక్క వేయించవలసింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి. ఇప్పుడు కొనడానికి వెళ్లేవాళ్లు ఖాళీ స్లాటును నమ్ముకోకండి. కాస్త ఎక్కువైనా 16 జీబీ లోపల ఉన్నదే అడగండి. మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఆ రెండో స్లాటు ఇంకా ఖాళీగానే ఉంది. పాడైన లాప్‌టాప్‌ల నుంచి తీసిన ముక్కలు అమ్మే దుకాణం ఒకటి అదే అంతస్తు చివర్లో చూశాను. వచ్చే శనివారం వెళ్లి అడగాలి.